బూడిద గళ్ళు

ఆ ఏడు మా పత్తిచేలు మెరిశాయి. మార్టూరు రోడ్డు మీద బస్సు దిగి తూర్పుకి చూస్తే, మిట్టమధ్యాహ్నం వేళ, చేలన్నీ నూనె రాసినట్టు నిగనిగలాడుతూ కనపడేవి. బస్సులో పోయేవాళ్ళు కిటికీల్లోంచి చూసి ముచ్చటపడేవాళ్ళు. వాళ్ళదేం పోయింది, బస్సు ఆగదు కదా. దిగి, చేలోకొచ్చి, ఒక్క ఆకు తిప్పి చూస్తే తెలిసేది. అడుగున తెల్లదోమ, పిండి చల్లినట్టు. అది కార్చే బంక కింది ఆకుల మీద పడి ఎండకి తళతళమంటోంది. ఎంత మెరిస్తే అంత చెడ్డ. కొన్నాళ్ళకి ఆ బంక మీదే మసి పుడుతుంది. చేను చేనంతా కుండ అడుగులా నల్లబడిపోతుంది.

ఎనభై ఏడు సంగతి ఇది. చేలు మెరవడం మొదలుపెట్టిన రోజుల్లోనే మా తమ్ముడు గురునాథం బెంగుళూరు నుంచి వచ్చాడు.

వాడక్కడ పీహెచ్‌డీ చదువుతున్నాడు. నేను ఏడో క్లాసులో బడి మానేసి నాగలి పట్టాను కాబట్టి వాడు అంతదాకా పోయాడు. ఆ ముక్క నేనెప్పుడూ అనలేదు. ఊరంతా అంటుంటే నేనెందుకు అనడం? "మీవాడు ఏం చదువుతున్నాడు బాపయ్యా?" అని అడిగితే "నక్షత్రాలు" అని చెప్పేవాణ్ణి. "అయితే మా అమ్మాయి జాతకం చూపించాలి" అనేవాళ్ళు. చూపించుకోండి, నాదేం పోయింది, అనేవాణ్ణి.

సంచీ గోడకి తగిలించి వాడు పంచలో కూలబడ్డాడు. మా అమ్మ వెంకటరావమ్మ మజ్జిగ తెచ్చిచ్చింది.

"సెలవులా?" అన్నాను.

"సెలవులు కాదన్నయ్యా. మా గైడు కొన్నాళ్ళు ఇంటికెళ్ళి బుర్ర చల్లబరుచుకు రమ్మన్నాడు."

"ఏం, బుర్రకేమైంది?"

"లెక్క తప్పంటున్నాడు."

ఏం లెక్క అని నేను అడగలేదు. మా ఆవిడ కోటిరత్నం అడిగింది. దానికి అన్నీ కావాలి. వాడు కూడా వదినంటే విసుక్కోడు. మజ్జిగ గ్లాసు పక్కన పెట్టి చెప్పాడు. ఈ లోకం పుట్టిన కొత్తల్లో పుట్టిన నక్షత్రాల గుంపులు, గెలాక్సీలు, చాలా దూరాన ఉన్నాయట. భూమి అనేది లేకముందే అక్కణ్ణుంచి బయల్దేరిన వెలుగు, దారిలో సాగి సాగి రంగు మారి, ఇప్పుడొచ్చి మనకి చేరుతోందట. ఆ గుంపుల్లో కుర్ర నక్షత్రాలు ఎన్ని ఉంటాయి, ఎంత మండుతాయి, ఇక్కడికి ఎంత వెలుగు రావాలి అని లెక్కగట్టడం వాడి పని.

"కట్టావా మరి?" అంది కోటిరత్నం.

"కట్టా వదినా. నేనే కాదు, దేశదేశాల్లో కట్టారు. దండిగా రావాలి. పెద్ద పెద్ద దుర్భిణులు పెట్టి ఎతికారు. ఏదీ, రాలా."

"లేదేమో."

"ఉంది. మధ్యలో ఏదో తినేస్తోంది. దుమ్ము అని నేనంటా."

మా అమ్మ నవ్వింది. "మన మార్టూరు రాళ్ళ క్వారీల దుమ్ము అంత దూరం పోయిందిరా చిన్నోడా?"

వాడూ నవ్వాడు. ఆ ఏడు వాడు నవ్వగా చూసినవాటిలో నాకు గుర్తున్నది అదొకటి.

గైడుకీ వీడికీ పేచీ ఎక్కడంటే, అంత కొత్త గుంపుల్లో దుమ్ము కొంచెమే ఉంటుంది, అది చాలదు అని ఆయన. కొంచెమైనా చాలు అని వీడు. ఆ వెలుగు తిన్నగా రాదట. చుట్టూ ఉన్న వాయువు దాన్ని మింగి మళ్ళీ కక్కుతుందట. ఏ దిక్కుకి కక్కుతుందో చెప్పలేం.

"మన చేను నడిమధ్యలో ఒకడికి కళ్ళకి గంతలు కట్టి వదిలారనుకో అన్నయ్యా. అడుగడుక్కీ ఎవడో పట్టుకుని గిరగిరా తిప్పి వదులుతున్నాడు. వాడు గట్టెక్కేసరికి చేనంతా తిరుగుతాడా, తిరగడా? చేలో ముళ్ళకంపలు నాలుగే ఉన్నా ఏదో ఒకటి గుచ్చుకు తీరుతుంది. తిన్నగా నడిచిపోయేవాడికి గుచ్చుకోదు."

"గంతలు కట్టుకుని మా చేలోకి ఎందుకెళ్తాడ్రా ఎవడైనా?" అన్నాను.

వాడు గ్లాసు ఎత్తి మిగిలిన మజ్జిగ తాగేశాడు.

ఆ సంగతి రుజువు చెయ్యడానికి పెద్ద కంప్యూటరు కావాలట. అది వీడి వంతుకి రాదట. అందుకని మర్నాడు మా అమ్మ దగ్గర అష్టాచెమ్మా గవ్వలడిగాడు. అడిగి ఊరుకున్నాడా, పొద్దుణ్ణుంచి వాటిని విసరడమే పని. గవ్వ వెల్లకిలా ఎన్నిసార్లు పడుతోంది, బోర్లా ఎన్నిసార్లు పడుతోంది అని చూశాడు. సరిగ్గా పడనివి పక్కన పారేసి, ఒక పెద్దదీ ఒక చిన్నదీ ఏరుకున్నాడు.

"గవ్వలకి పరీక్షలు పెడుతున్నాడమ్మా నా కొడుకు. ఇంక ఉద్యోగం ఇవ్వటమే తరువాయి" అంది మా అమ్మ.

పంచలో గచ్చు మీద ఆవిడ చేతే ముగ్గుపిండితో గళ్ళు వేయించాడు. ముగ్గులో మా అమ్మ చెయ్యి తాడు పట్టి గీసినట్టుంటుంది. ఇక్కడో గడిలో అక్కడో గడిలో పొయ్యిలోని బూడిద చిటికెడు పోశాడు. అది దుమ్ము. ఒక పత్తిగింజ తెచ్చి నడిమధ్య గడిలో పెట్టాడు. అది వెలుగు. రెండు గవ్వలూ వెల్లకిలా పడితే తూర్పుకి ఒక గడి, రెండూ బోర్లా పడితే పడమర, పెద్దదొకటే వెల్లకిలా పడితే ఉత్తరం, చిన్నదొకటే పడితే దక్షిణం. గళ్ళు దాటి బయటపడితే గింజ ఒక గిన్నెలోకి. బూడిద గడిలోకి పోతే రెండో గిన్నెలోకి. అంతే ఆట.

"బూడిద పోయకపోతే?" అని అడిగింది మా అమ్మ.

"పోయకపోతే అన్నీ వస్తాయమ్మా. ఆలస్యంగానైనా వస్తాయి."

ఆ ఏడు వాన ముఖం చాటేసింది. మధ్యాహ్నాలు ఆడవాళ్ళకి పంచలో వేరే పని లేదు. అమ్మా కోటిరత్నం గవ్వలు విసురుతుంటే వీడు గింజలు జరిపేవాడు. నేను మందు కొట్టించి ఇంటికొచ్చేసరికి ఇల్లు పేకాట కొట్టంలా ఉండేది. "అయ్యో, వచ్చేదే, వచ్చేదే, పోయింది!" అని మా ఆవిడ అరుపు. బయటపడిన గింజల గిన్నె అడుగు కనపడుతూనే ఉండేది. రెండో గిన్నె నిండేది.

"చూశావా అన్నయ్యా, ఇంత చిటికెడు బూడిదకి."

"చూశాలే. నువ్వు చేలోకొచ్చి చూడు" అనేవాణ్ణి.

చేలో చూడ్డానికి ఏమీ బాగా లేదు. ఒక మందుకి దోమ చావటంలా అంటే మందుల కొట్టువాడు రెండు కలిపి కొట్టండన్నాడు. రెండుకీ చావకపోతే మూడోది ఇచ్చాడు. రంజాన్ అని మాకు మందు పంపు కొట్టేవాడు డ్రమ్ములో చెయ్యి మోచేతిదాకా ముంచి కలిపేవాడు. కర్రతో అయితే సరిగా కలవదని వాడి నమ్మకం. పైరు మనిషి భుజాల దాకా ఎదిగింది, సాళ్ళు మూసుకుపోయాయి. పూత రాలిపోతోంది. చేలల్లో కొంగలు దిగడం మానేశాయి. గట్ల మీద తొండలు కూడా కనపడేవి కావు. అందరి బట్టలకీ ఒకటే వాసన. మా అమ్మ నా చొక్కా ఇంట్లోకి రానిచ్చేది కాదు, బయట దడి మీదే ఆరేసేది. అన్నం తింటుంటే చేతి వేళ్ళు చేదుగా తగిలేవి.

ఇట్లా ఉండగా మా కోటిరత్నానికి ఒక సరదా పుట్టింది. అష్టాచెమ్మాలో కాయలకి పేర్లు పెట్టుకునే అలవాటు మా వైపు ఆడవాళ్ళకి ఉంది. ఇది మా ఆయన, ఇది మా ఆడబిడ్డ, దీన్ని చంపు, దాన్ని పండించు అని ఒకటే గోల చేసుకుంటారు. అట్లాగే గింజలకీ పేర్లు పెట్టింది.

"ఇది రంజాన్" అంది ఒకరోజు.

గింజ నాలుగు గళ్ళు పోయి బూడిదలో పడింది. అందరూ నవ్వారు. మందు డ్రమ్ము కడగడానికి వచ్చిన రంజాన్ కూడా నవ్వాడు. "అక్కాయ్, నన్ను అప్పుడే చంపేస్తే మీ చేనుకి ఎవరు కొడతారు?" అన్నాడు.

మర్నాడు సాలు చివర వాడు పంపుతో సహా ముందుకి పడిపోయాడు. నోటంట నురగ. చింతపండు పులుసు తాగించి కక్కించి, మంచం మీద మోసుకెళ్ళి వాళ్ళ ఆవిడ మస్తాన్‌బీకి అప్పజెప్పాం. బతికాడు. బతికాడు గానీ మళ్ళీ పంపు ముట్టుకోనని పిల్లల మీద ఒట్టేశాడు. ఊళ్ళో మిగిలిన పంపుల వాళ్ళంతా ఎవరి చేలల్లో వాళ్ళున్నారు. ఇక కొడితే నేనే కొట్టాలి.

ఆ సాయంత్రం నుంచి కోటిరత్నం మాట తగ్గించింది. పంచలో గవ్వల చప్పుడు వినపడుతోంది, అరుపులు లేవు. నేను గమనించలేదు. గమనించే తీరికెక్కడిది? ఆ వారం కొట్టకపోతే ఉన్న పూత కూడా నిలవదని కొట్టువాడు చెప్పాడు. కార్తీకం సగానికొచ్చింది. ఆ కాయే మా ఏడాది.

పొద్దున్నే పంపు కోసం చూస్తే కనపళ్ళేదు. చూస్తే కోటిరత్నం వంటింట్లో పంపుని వెనకేసుకుని కూర్చుంది, గోడకి జారబడి.

"ఇయ్యి" అన్నాను.

"ఇయ్యను. నువ్వు పోవటానికి వీల్లేదు."

"ఏందే నీ గోల?"

"నిన్న నీ పేరున పెట్టా. పోయింది. మళ్ళీ పెట్టా. మళ్ళీ పోయింది."

నాకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక ఒళ్ళు మండింది. "గవ్వలు చూసి పంట వదులుకుంటారటే ఎవరన్నా? ఒరేయ్ గురునాథం, ఇదిగో రా, నీ చదువు మీ వదినకి ఎట్టా ఎక్కిందో చూడు!"

వాడు పంచలోంచి వచ్చాడు. అక్కడ మా అమ్మతో కూర్చుని పొద్దున్నే ఆట మొదలెట్టినట్టున్నాడు, వేళ్ళకి ముగ్గుపిండి ఉంది.

"వదినా, గింజల్లో సగానికి పైగా బూడిదలోకే పోతున్నాయి. ఎవరి పేరు పెట్టినా పోతాయి. అది అన్నయ్య కాదు, పత్తిగింజ."

"రంజాన్ కూడా పత్తిగింజేనా?"

వాడు వేళ్ళకున్న ముగ్గుపిండి దులుపుకున్నాడు.

"అత్తా, నువ్వు చెప్పు. పోవద్దని చెప్పు" అంది కోటిరత్నం.

"ఇయ్యాల పెద్దోడు పోడులే" అంది మా అమ్మ పంచలోంచి. ఆవిడ మాట అంటే అంతే.

"సరే, పోడు" అన్నాడు గురునాథం. "నీకు భయం పెట్టింది నా ఆట. నేను పోతా. నా పేరున ఏదీ బూడిదలో పడలేదుగా?"

"నీదింకా తిరుగుతోంది" అంది మా అమ్మ.

పంచలోకి వచ్చి చూశాను. ఒక గింజ అంచుకి దగ్గరగా, రెండు బూడిద గళ్ళ పక్కన ఉంది. ఆ పొద్దున ఆవిడ దాన్ని చిన్నోడని పేరు పెట్టిందట.

"అది అట్టాగే ఉంచమ్మా. వచ్చి చూస్తా" అన్నాడు వాడు.

గట్టు మీద నేను మందు కలిపాను. వాడు నా పాత చొక్కా వేసుకుని, ముక్కుకి తువ్వాలు చుట్టుకుని, పంపు వీపున తగిలించుకున్నాడు. అంత ఎత్తు మనిషికి పంపు ఆటబొమ్మలా ఉంది.

"గాలి పడమరది. వీపు గాలికి పెట్టి నడువు. ఒక సాలు పట్టావా, తిన్నగా చివరిదాకా పో, గట్టెక్కు, ఊపిరి పీల్చుకో, మళ్ళీ దిగు. మధ్యలో తిరగమాక."

"తిన్నగా పోయేవాడికి గుచ్చుకోదు. నాకు తెలీదా అన్నయ్యా?" అని దిగాడు.

మొదటి సాలు తిన్నగానే పోయాడు. రెండోది కూడా. మూడోదాంట్లో వాడి చెయ్యి తగిలి మొక్కల మీది దోమ లేచింది. తెల్లగా, పొగలాగా, ఇటు పక్క. కొత్తవాడు కదా, పారిపోయేదాన్ని వదలబుద్ధి కాలేదు. ఇటు తిరిగి కొట్టాడు. అది ఇంకో పక్క లేచింది. అటు తిరిగాడు. సాలు దాటి సాలులోకి పోయాడు. వెనక్కి వచ్చాడు. భుజాల దాకా పైరు, పైన వాడి తల, తల చుట్టూ మందు తుంపర. ఆ తుంపర ఎండకి రంగులు పోతోంది. కొట్టిన చోటికే మళ్ళీ మళ్ళీ తడి ఆకుల్లోంచి నడిచి వస్తున్నాడు.

"తిన్నగా పోరా! గట్టెక్కు!" అని అరిచాను.

చెయ్యి ఊపాడు. వినపడిందో లేదో.

గాలి నిలిచిపోయింది. తుంపర అక్కడే వేలాడుతోంది. తల ఒకసారి తూర్పున కనపడుతోంది, ఒకసారి దక్షిణాన. తర్వాత పంపు చప్పుడు ఆగింది. తల మాత్రం కనపడుతూనే ఉంది, కదలకుండా.

"అన్నయ్యా, మబ్బు పట్టిందా?" అన్నాడు.

పైకి చూశాను. ఆకాశంలో మచ్చ లేదు. ఎండ నెత్తిన నిలబడి ఉంది. చేను తళతళమంటోంది.

"చీకటి పడుతోందేంది?" అన్నాడు మళ్ళీ, మామూలుగానే, ఎవరినో టైమడిగినట్టు.

నేను చేలోకి దిగాను.

వాణ్ణి మోసుకొచ్చి రోడ్డెక్కించేసరికి ఊళ్ళోవాళ్ళు గ్రానైటు రాళ్ళ లారీ ఒకటి ఆపారు. రాయి మీద పరుపేసి పడుకోబెట్టాం. గుంటూరులో డాక్టరు రెప్ప ఎత్తి టార్చి వేసి చూశాడు. నేనూ చూశాను. నల్లగుడ్డులోని పాప ఆవగింజంత అయిపోయింది. "వెలుగు లోపలికి పోవడానికి దారి లేదు, అందుకే చీకటనిపించి ఉంటుంది" అన్నాడు డాక్టరు. సూదుల మీద సూదులు పొడిచారు. పాప పెద్దదైంది కూడా. కళ్ళు తెరిచి కోటిరత్నం వైపు చూసి "వదినా, అన్నయ్య బాగున్నాడుగా?" అన్నాడు. తెరిపిన పడ్డాడనుకున్నాం. ఊపిరితిత్తులు మాత్రం ఒప్పుకోలేదు.

ఆదివారం ఇంటికి తీసుకొచ్చాం.

ఆ తర్వాత పేపరువాళ్ళొచ్చారు, ఆఫీసర్లొచ్చారు, జీపులు దిగి చేలు చూసి పోయారు. మందుల కొట్టువాడు కూడా వచ్చి పలకరించాడు. మోతాదు మించి ఉంటుందన్నాడు. కలిపి కొట్టమని చెప్పిన నోటితోనే అన్నాడు. మా చేను ఆ పాటికే నల్లబడింది. పీకించి గట్టున కుప్పేశాం. దానికి మంట పెడితే వచ్చిన పొగకి ఊరు ఊరంతా దగ్గింది.

పెద్దకర్మకి బెంగుళూరు నుంచి వాడి స్నేహితుడొచ్చాడు, రాధాకృష్ణమూర్తి అని, మంగళగిరి కుర్రాడు. భోజనాలయ్యాక పంచలోకొచ్చి గచ్చు మీది గళ్ళ ముందు నిలబడిపోయాడు.

"గవ్వలతో చేస్తున్నానని నాకు ఉత్తరంలో రాశాడండి. నవ్వులాట అనుకున్నా." కూర్చుని గళ్ళు వేలితో తాకకుండా చూశాడు. "సరిగ్గానే పెట్టాడు. మా సారు కూడా ఇప్పుడు అంటున్నారు, గురునాథం చెప్పింది నిజం కావచ్చు, మళ్ళీ చూద్దాం అని."

"ఇప్పుడా?" అన్నాను.

అతను గళ్ళ చుట్టూ చూసి, "ఎన్ని బయటికొచ్చాయి, ఎన్ని పోయాయి, లెక్క ఏమన్నా ఉందాండి?" అని అడిగాడు.

లెక్క రెండు గిన్నెల్లో ఉండేది. ఆఖర్న కలిపి లెక్కపెడతానని వాడు రాసుకోలేదు. మేం గుంటూరు ఆసుపత్రిలో ఉన్నప్పుడు, చూసి పోదామని వచ్చిన చుట్టాలావిడ ఎవరో, పత్తిగింజలే కదా అని, రెండు గిన్నెలూ గేదె కుడితిలో కలిపేసింది. బయటపడ్డవీ పడనివీ అన్నీ ఒకటే. గేదె తాగేసింది.

ఆ మాటే చెప్పాను. అతను చెప్పులు తొడుక్కుని బస్సు కోసం రోడ్డు మీదికి పోయాడు.

గళ్ళు మాత్రం ఉన్నాయి. మా అమ్మ ఎవరినీ ఆ మేర కడగనివ్వలేదు. అటు తొక్కనివ్వలేదు. పంచలోకి వచ్చేవాళ్ళంతా గోడవారగా నడిచేవాళ్ళు. అంచుకి దగ్గరగా, రెండు బూడిద గళ్ళ పక్కన, ఆ ఒక్క గింజా అట్లాగే ఉంది.

ఆ స్నేహితుడు వెళ్ళిన సాయంత్రం మా అమ్మ గవ్వలు తీసుకుని గళ్ళ ముందు కూర్చుంది. కోటిరత్నం చూసి గడపలోనే ఆగిపోయింది. "అత్తా, వద్దు" అంది. ఆవిడ వినలేదు. చీర చెంగు తడిపి పిండి, ఒక్కొక్క గడినీ తుడవడం మొదలుపెట్టింది. ముగ్గు చెదరకుండా, బూడిద ఒక్కటే పోయేట్టు తుడిచింది. అన్నీ తుడిచి, చెంగు దులిపి, గవ్వలు విసిరింది.

గింజ అంచు నుంచి వెనక్కి పోయింది. నడుమదాకా పోయింది. తూర్పుకి పోయి, మళ్ళీ పడమరకి వచ్చింది. ఆవిడ తొందరపడలేదు. దీపం పెట్టే వేళయింది, ఎవరూ లేవలేదు. గవ్వల చప్పుడొకటే. చివరికి గింజ దక్షిణం అంచు దాటి గచ్చు మీదికి వచ్చింది.

మా అమ్మ దాన్ని తీసి అరచేతిలో పెట్టుకుని నా వైపు చూసింది.

"వచ్చిందిరా పెద్దోడా" అంది.

రాకేం చేస్తుంది? బూడిద పోయకపోతే అన్నీ వస్తాయని వాడు మొదటి రోజే చెప్పాడు.